ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఆడవాళ్ళకి గుర్రాలతో థెరపీ: వైజాగ్‌లో చేయాలంటే ఏం చూసుకోవాలి?

పున్నాగ

ఎంవీపీ కాలనీలో ఆదివారాలు కలుసుకునే చిన్న గుంపు మాది. ఏడుగురు ఆడవాళ్ళు. ముగ్గురికి భర్త పోయారు, ఇద్దరికి కొడుకు, ఒకరికి కూతురు, ఒకరికి అమ్మ. చుట్టూ కుర్చీలు వేసి "మనసులో మాట చెప్పండి" అంటే నలుగురు నోరు విప్పరు. కాఫీ తాగి, "ఇంట్లో పనుంది" అని లేచిపోతారు. ఇలాంటివాళ్ళకి గుర్రాలతో చేసే థెరపీ బాగుంటుందని ఎవరో చెప్పారు.

తెలిసినవాళ్ళు చెప్పండి. గుర్రం ఎక్కాలా? ఎక్కకపోతే అక్కడ ఏం చేస్తారు, ఎన్నాళ్ళు? ఆర్కే బీచ్‌లో సవారీ తిప్పే గుర్రాల యజమానితో మాట్లాడుకుని పొద్దున్న పూట మనమే ఏర్పాటు చేసుకోవచ్చా? గుంపులో ఒకమ్మాయికి భర్త పోయి నలభై రోజులే. ఆమెను తీసుకెళ్ళొచ్చా?

నిమ్మళం

ఎక్కరండీ. గుర్రం మీద కూర్చోబెట్టి నడుము, కాళ్ళ కండరాలకి ఫిజియోథెరపీ చేసే పద్ధతి వేరే ఉంది. అది ఎక్కువగా సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్న పిల్లలకి. పోలియో వచ్చిన లిస్ హార్టెల్ అనే డెన్మార్క్ ఆవిడ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో వెండి పతకం తెచ్చుకున్నాక ఆ దారికి ఊపు వచ్చింది. మీరు అడుగుతున్నది మనసుకి సంబంధించింది. ఇందులో అందరూ నేల మీదే ఉంటారు. 1999లో అమెరికాలో మొదలైన ఈగాలా అనే సంస్థ పద్ధతిలో అయితే ఇది నియమమే: సవారీ లేదు, ఒక మానసిక ఆరోగ్య నిపుణుడు (కౌన్సెలర్ లాంటివాళ్ళు), ఒక గుర్రాల నిపుణుడు ఇద్దరూ మొదటి నుంచి చివరి దాకా గుర్రాల ఆవరణ లోపలే ఉండాలి. ఒకళ్ళు మనిషిని చూస్తారు, ఒకళ్ళు గుర్రాన్ని చూస్తారు. ఒక్కరే రెండూ చేస్తామన్నచోట చేరకండి. ఏడుస్తున్న మనిషి వైపు తిరిగినప్పుడు గుర్రం చెవులు వెనక్కి వాలడం వాళ్ళకి కనపడదు.

మీ గుంపులో ఆ నలుగురు ఎందుకు మాట్లాడరంటే, మాట్లాడాలంటే ఎదుటి మనిషి మొహం చూడాలి. ఎదుటి మొహంలో జాలి కనిపిస్తుంది, లేకపోతే "ఇంకా ఎన్నాళ్ళు" అన్న విసుగు కనిపిస్తుంది. రెండింటికీ జవాబు చెప్పుకునే ఓపిక వాళ్ళకి ఉండదు. పైగా మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఒక పని అప్పజెబుతారు: "నువ్వే ఇలా అయిపోతే పిల్లల గతేంటి?" అని. గుర్రం దగ్గర చేతికి పని ఉంటుంది, చూపు దాని మీద ఉంటుంది. పక్కన నిలబడ్డ మనిషి మొహం చూడక్కర్లేదు. దువ్వుతూ దువ్వుతూ సగం మాట అంటారు. అసలు సరుకు ఆ సగం మాటే. దాన్ని అందుకునే కౌన్సెలర్ పక్కన లేకపోతే అది గుర్రం దువ్వడమే, థెరపీ కాదు.

వారానికి ఒకసారి, ఒక్కోసారి గంటన్నర, ఎనిమిది నుంచి పది వారాలు పెట్టుకుంటారు. మొదటి పావుగంట మామూలు పలకరింపు, నలభై నిమిషాలు గుర్రాల దగ్గర, మిగతాది నీడలో కూర్చుని. ఈ చివరి భాగాన్ని ఎండ పేరు చెప్పి కుదించేస్తుంటారు. అక్కడే నష్టం. లోపల కదిలినదాన్ని మాటల్లో పెట్టకుండా ఆటో ఎక్కించేస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

మొదటి వారం ఎవ్వరూ కంచె దాటరు. బయట నిలబడి ఇరవై నిమిషాలు చూడడమే. ఏ గుర్రం దేని పక్కన నిలబడింది, ఏది దూరంగా ఉంది, ఎవరొస్తే ఎవరు జరిగారు. తర్వాత ఒక్కటే ప్రశ్న: "ఏం చూశారు?" ఒకావిడ "ఆ తెల్లది ఒంటరిగా ఉంది" అంటుంది, ఇంకొకావిడ అదే గుర్రాన్ని చూసి "హాయిగా ఉంది, ఎవరూ పలకరించట్లేదు" అంటుంది. ఎవరిదీ తప్పు కాదు, ఎవరినీ సరిదిద్దకూడదు.

రెండో వారం దగ్గరికి వెళ్ళడం, మూడో వారం దువ్వడం. మెడ నుంచి మొదలుపెట్టి రబ్బరు దువ్వెనతో గుండ్రంగా, తర్వాత గట్టి బ్రష్‌తో వెంట్రుక వాలిన వైపు, చివర మెత్తటి బ్రష్. కొత్తవాళ్ళు కాళ్ళ జోలికీ డొక్క కిందికీ పోకూడదు. మెడ వీపును కలిసేచోట మూపు ఉంటుంది, అక్కడ గోకడం గుర్రానికి ఇష్టం. గుర్రాలు ఒకదాన్నొకటి అక్కడే గోక్కుంటాయి. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లో కామార్గ్ గుర్రాల మీద కొలిచి చూపించారు. తగ్గేది గుర్రం గుండె వేగం, గుర్తుపెట్టుకోండి. "గుర్రం గుండె మీ గుండెతో కలిసి కొట్టుకుంటుంది" అని బ్రోచర్లలో రాసేది అమ్మకం మాట.

నాలుగు, అయిదు వారాలు తాడు పట్టుకుని నడిపించడం. ఆరో వారం నుంచి కాస్త బరువైన పని. నేల మీద కర్రలు, బకెట్లు, తాళ్ళు, పాత టైర్లు ఉంటాయి. "మీ ఇల్లు ఇప్పుడు ఎలా ఉందో వీటితో పేర్చండి" అంటారు. పేర్చాక అందులోంచి గుర్రాన్ని నడిపించమంటారు. ఆయన కూర్చునే చోటు అని ఒక బకెట్ పెట్టిన మనిషి గుర్రాన్ని దాని చుట్టూ తిప్పుతుందా, దాటిస్తుందా, బకెట్ తీసేస్తుందా, అసలు ఆ వైపే వెళ్ళదా? కౌన్సెలర్ దేనికీ అర్థం చెప్పడు. చూసింది చూసినట్టు అంటాడు, "ఇక్కడ మూడుసార్లు ఆగారు" అని.

దీని వెనక ఉన్న ఆలోచన నెదర్లాండ్స్‌లో స్ట్రోబే, షుట్ అనే ఇద్దరు 1999లో చెప్పింది. దుఃఖంలో ఉన్న మనిషి పోయినవాళ్ళ వైపుకీ రోజువారీ బతుకు వైపుకీ ఊగుతూ ఉంటుంది, ఆ ఊగడమే ఆరోగ్యం, ఒకవైపే ఇరుక్కుపోతే కష్టం అని. కుర్చీల గుంపులో మొత్తం నష్టం గురించే అవుతుంది, ఇంట్లో మొత్తం పనే అవుతుంది. గుర్రం దగ్గర గంటలో రెండు వైపులా పదిసార్లు తిరగొచ్చు. తాడు పట్టుకున్నప్పుడు ఈ క్షణంలో ఉండక తప్పదు, ఆగినప్పుడు ఆయన గుర్తొస్తాడు.

నలభై రోజుల అమ్మాయి సంగతి. ఇప్పుడే వద్దండీ. ఇంకా మాసికాలు నడుస్తున్నాయి, నిద్ర, తిండి కుదురుకోలేదు. ఇది జబ్బు కాదు, చికిత్స తొందర లేదు. ఆమెకి పక్కన పడుకునే ఒక మనిషి, బ్యాంకు కాగితాలకి తోడు వచ్చే ఒక మనిషి కావాలి. చనిపోవాలన్న మాట నోటి వెంట వస్తే మాత్రం ఆగకండి. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సాయం పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరు మానసిక వైద్యశాల, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉండనే ఉన్నాయి.

సంవత్సరీకం దాటినా మొదటి నెలలాగే ఉండి, రోజూ అదే తలపు, అదే తపన, ఇంటి పనీ బయటి పనీ సాగని మనిషి ఉంటే అది దీర్ఘశోకం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో కనీసం 6 నెలలు, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తెచ్చిన జబ్బుల పుస్తకంలో పెద్దవాళ్ళకి 12 నెలలు అని గడువు పెట్టారు. దానికి ప్రత్యేకమైన మాటల చికిత్స ఉంది, 16 విడతలు, గట్టి పరీక్షల్లో నిలబడినది. గుర్రాల పద్ధతికి అంత బలమైన ఆధారం లేదు. చిన్న చిన్న గుంపుల మీద చేసిన అధ్యయనాలే ఎక్కువ. పక్క సాయంగా పెట్టుకోండి, ఆ చికిత్స మానిపించి దీనికి తీసుకెళ్ళకండి.

ఉలవగుగ్గిళ్ళు

పైన అన్నీ మనిషి వైపు చెప్పారు, గుర్రం వైపు నేను చెప్తాను.

బీచ్ గుర్రాలు పనికిరావు. వాటి యజమానులు చెడ్డవాళ్ళని కాదు, ఆ గుర్రాలకి నేర్పింది వేరే. మీద బరువు పడితే నడవాలి, కళ్లెం లాగితే ఆగాలి, పిల్లలు అరిచినా బెదరకూడదు. మనిషిని పట్టించుకోకుండా ఉండడమే వాటికి అబ్బిన విద్య. ఈ పనికి కావాల్సింది దానికి తలకిందులు: ఇష్టమైతే దగ్గరికి రావాలి, ఇష్టం లేకపోతే వెళ్ళిపోవాలి. అందుకు కంచె కావాలి, తాడు లేకుండా వదిలెయ్యాలి. బీచ్‌లో వదిలేస్తే ఏటవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, ఆర్కే బీచ్‌లో పొద్దున్న అయిదింటికే నడకవాళ్ళు నిండిపోతారు. అంతమంది ముందు ఏ ఆడమనిషి ఏడుస్తుంది?

స్థలం: గుండ్రటి ఆవరణ అయితే 60 అడుగుల అడ్డకొలత, కంచె అయిదడుగులకి తగ్గకుండా. ముళ్ళతీగ ఉండకూడదు. నేల ఇసుక కలిపిన మట్టి. మనుషులు చటుక్కున బయటపడడానికి రెండు చోట్ల దారి. ఏడుగురిని ఒకేసారి లోపలికి పంపకండి, నలుగురు చాలు, రెండు మూడు గుర్రాలు. మిగతా ముగ్గురు వేరే రోజు.

గుర్రం ఎంపిక: పదేళ్ళు దాటింది, విత్తులు కొట్టించింది లేదా నిమ్మళంగా ఉండే ఆడగుర్రం. పోతుగుర్రం వద్దు. కొత్తగా కొన్నది ఆరునెలలైనా అక్కడ కుదురుకోవాలి. మన దగ్గర దొరికేవి ఎక్కువగా మార్వారీ, కాఠియావాడీ, లేకపోతే పరుగు పందేల నుంచి దిగిపోయినవి. పందెం గుర్రాలు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ చిన్న అలికిడికి ఎగిరిపడతాయి. మార్వారీ చెవులు కొసన లోపలికి వంగి ఉంటాయి, వాటి చెవి భాష చదవడం కొత్తవాళ్ళకి కాస్త తికమక.

గుర్రం వేటాడబడే జంతువు, ఇదొక్కటి తెలిస్తే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి. కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనపడుతుంది. సరిగ్గా నుదుటి ముందు, సరిగ్గా తోక వెనక కనపడదు. అందుకే ఎదురుగా వెళ్ళి మొహం మీద చెయ్యి పెట్టకూడదు, వెనకనుంచి రాకూడదు. ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ, ఏటవాలుగా వెళ్ళాలి. పిడికిలి వదులుగా మడిచి వేళ్ళ కణుపులు వాసన చూడనివ్వాలి. వెనకనుంచి దాటాల్సి వస్తే పదడుగులు దూరంగా పోవాలి. లేదా బాగా అలవాటున్నవాళ్ళు చెయ్యి దాని పిరుదు మీదే ఉంచి ఆనుకుని పోతారు. మధ్య దూరంలో ఉంటే తన్ను నిండుగా తగులుతుంది.

తాడు పది పన్నెండు అడుగులుంటుంది. మిగిలిన తాడు చేతిలో మడతలుగా పట్టుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు. అది బెదిరి లాగితే చుట్ట బిగిసి వేళ్ళు పోతాయి. గుర్రం బరువు 350 నుంచి 450 కిలోలు, లాగి గెలవలేం. లాగేకొద్దీ అది వెనక్కి లాగుతుంది, వదులుచేస్తే ముందుకొస్తుంది. నడిపించేటప్పుడు దాని మొహం వైపు తిరిగి నడవకుండా, వెళ్ళే వైపు చూస్తూ భుజం పక్కన నడవాలి. దీన్ని ఆడవాళ్ళు చాలా తొందరగా పట్టేస్తారు.

చేత్తో తిండి పెట్టకండి. బెల్లం ముక్కో క్యారెట్టో పెడితే రెండో వారానికి జేబులు వెతుకుతుంది, మూడో వారానికి కొరుకుతుంది. ఇక దగ్గరికి వచ్చింది మనిషి కోసమా బెల్లం కోసమా తెలీదు. పెట్టాలనిపిస్తే అంతా అయ్యాక బకెట్‌లో.

చాలు అని గుర్రం ఎలా చెప్తుంది: చెవులు వెనక్కి అంటుకుపోవడం, మూతి బిగియడం, ఈగలు లేకపోయినా తోక కొట్టడం, తల పక్కకి తిప్పేయడం. అప్పుడు మనుషులు వెనక్కి రావాలి. ఇంకోటి, పెదాలు నాకి నమిలితే "మిమ్మల్ని ఒప్పుకుంది" అని చెప్పేవాళ్ళుంటారు. అది ఒత్తిడి నుంచి సడలే మధ్య దశలో చేసే పని, అంతకు ముందు ఏదో బిగిసిందని అర్థం. రోజుకి రెండు విడతలు మించి ఏ గుర్రాన్నీ వాడకూడదు, వారంలో రెండు రోజులు పూర్తి సెలవు.

వైజాగ్ ఉక్క గురించి. ఫారెన్‌హీట్ డిగ్రీలకి గాలిలో తేమ శాతం కలపండి. 150 దాటితే జాగ్రత్త, 180 దాటితే గుర్రంతో పని చేయించకూడదు. మే నెల పొద్దున్న తొమ్మిదింటికి 90 డిగ్రీలు, తేమ 75 అనుకోండి, 165 అయిపోయింది. కాబట్టి ఆరింటికి మొదలు, ఏడున్నరకి నీడలోకి. అక్టోబరు, నవంబరు వాయుగుండం రోజుల్లో ఎండ ఉండదు కానీ గాలికి గుర్రాలు బెదురుతాయి. ఏ చప్పుడు ఎటునుంచో వాటికి తెలీదు. ఆ రోజు రద్దు. దీపావళి వారం కూడా వదిలేయండి.

జబ్బుల్లో గ్లాండర్స్ అడగాలి. గుర్రం నుంచి మనిషికి అంటుతుంది, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. రక్త పరీక్ష కాగితం లేని గుర్రం దగ్గరికి మీవాళ్ళని పంపకండి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలు చేస్తుంది, పశువైద్యాధికారిని అడిగితే నమూనా పంపే దారి చెప్తారు. గుర్రాలకి ధనుర్వాతం టీకా ఏటా పడాలి. మనుషులకి కూడా టీటీ వేసుకుని ఎన్నాళ్ళయిందో చూసుకోండి.

భీమిలి_గట్టు

ఇదంతా చదివాక ఒక సందేహం. సింహాచలం అప్పన్నకి కోడెదూడల్ని మొక్కుగా ఇచ్చే ఊరు మనది. ఆవు ఉంది, దూడ ఉంది, వీధికో కుక్క ఉంది. దువ్వడానికి గుర్రమే కావాలా? డబ్బున్నవాళ్ళ ముచ్చట అనిపిస్తోంది.

నిమ్మళం

ముచ్చటగా అమ్మేవాళ్ళు ఉన్నారు, కాదనను. ఆవుని దువ్వినా మనసు తేలికపడుతుంది. తేడా ఎక్కడంటే ఆవు చాలావరకు నిలబడి దువ్వించుకుంటుంది, కుక్క మనల్ని సంతోషపెట్టాలని చూస్తుంది. గుర్రం రెండూ చేయదు. మనిషి బిగుసుకుని, ఊపిరి బిగబట్టి వస్తే అది పక్కకి జరుగుతుంది, వదులైతే ఆగుతుంది. ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో 28 గుర్రాలకి మనుషుల ఫోటోలు చూపిస్తే కోపపు మొహాలకి వాటి గుండె వేగం తొందరగా పెరిగింది. అంటే మన మొహం, ఒళ్ళు అది చదువుతోంది. మన కథ దానికి తెలుసని కాదు.

గుర్రాలు దొరక్కపోతే ఆ ఏడుగురినీ కుర్చీల్లోంచి లేపి పక్కపక్కన నడిపించండి. ఎదురెదురు మొహాలు లేకపోవడం అనే లాభం నడకలోనే సగం వచ్చేస్తుంది.

పున్నాగ

చాలా ఉపయోగపడింది అండీ. ఇంకో మూడు. ఒక పెద్దావిడకి అరవై ఆరేళ్ళు, చీరే కడతారు, కుక్కంటేనే భయం. రెండోది, భర్త పోయిన ఒకమ్మాయి అత్తగారు "నేనూ వచ్చి చూస్తాను" అంటున్నారు. మూడోది, గుర్రం దగ్గరికి రాకుండా వెళ్ళిపోతే వీళ్ళు ఇంకా కుంగిపోరా?

నిమ్మళం

మూడోది ముందు. అవును, ఇందులో ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. గుర్రం ముఖం తిప్పుకోగానే "ఇది కూడా నన్ను వదిలేసింది" అని ఒక మనిషి అనుకుంటుంది. పక్కనున్నవాళ్ళు కంగారుగా "లేదు లేదు, దానికి మీరంటే ఇష్టం" అంటారు. ఆ అబద్ధం పనిచేయదు, వచ్చేవారం గుర్రం మళ్ళీ తిరుగుతుంది. కౌన్సెలర్ అడగాల్సింది: "అది తిరగడానికి ముందు ఏం జరిగింది? ఇప్పుడు మీకేం చేయాలనుంది?" కొందరు ఎదురుచూస్తారు, కొందరు వెంటపడతారు, కొందరు గేటు వైపు నడిచేస్తారు. ఇంట్లో ఎవరైనా సాయం చేయబోయి ఆలస్యం చేస్తే వీళ్ళు ఏం చేస్తారో చాలావరకు అదే. దాని గురించి మాట్లాడుకోవచ్చు. ఇంతకీ గుర్రం గడ్డి కోసం వెళ్ళి ఉంటుంది, ఆ సంగతి గుర్రాల మనిషి చివర్లో చెప్తే అందరూ నవ్వుతారు కూడా.

అత్తగారిని రానివ్వకండి. కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఆవిడ, ఆవిడకీ దుఃఖం ఉంది, కావాలంటే వేరే గుంపులో చేరమనండి. కోడలు ఏడ్చిందా, నవ్విందా అని కంచె అవతల ఒక జత కళ్ళు ఉంటే ఆ అమ్మాయి రెండూ చేయదు. నవ్వితే ఇంకా కష్టం, పోయి ఎనిమిది నెలలకే గుర్రాలతో ఆడుకుంటోందన్న మాట పుడుతుంది. ఫోటోలు, వాట్సాప్ స్టేటస్‌లు ఇందుకే నిషేధం. ఈ నియమం మొదటి రోజే చెప్పాలి.

భయం ఉన్నావిడని ముట్టుకోమనకండి. పది వారాలూ కంచె బయటే కుర్చీలో కూర్చుని చూసినా అది పాల్గొనడమే, ఆ మాట ఆవిడకి ముందే చెప్పండి. చాలామంది నాలుగో వారానికి కంచె పట్టుకుని నిలబడతారు. నిలబడకపోయినా ఫర్వాలేదు.

మీరు అడగనిది ఒకటి. చేర్చుకునే ముందు ఒక్కొక్కరితో విడిగా గంట కూర్చోవాలి. ఎవరు, ఎప్పుడు, ఎలా పోయారు, నిద్ర ఎలా ఉంది, చనిపోవాలన్న ఆలోచన ఉందా, ఏ మందులు వాడుతున్నారు. నిద్రమాత్రలు వేసుకుంటే పొద్దున్న తూలుతుంది, గుర్రం పక్కన తూలడం ప్రమాదం. లిథియం (బైపోలార్ జబ్బుకి ఇచ్చే మందు) వాడేవాళ్ళకి ఎండలో ఒంట్లో నీరు తగ్గడం మంచిది కాదు. ఉబ్బసం ఉంటే ఎండుగడ్డి దుమ్ము పడదు. ఎముకలు గుల్లబారినవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు దువ్వడం దాకా కూడా డాక్టరుని అడిగాకే. కౌన్సెలర్‌ని కూడా అడగండి, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు సంఖ్య ఉంటుంది. "గుర్రమే చికిత్స చేస్తుంది, మేం చూస్తాం" అనేవాళ్ళని వదిలేయండి.

ఆఖరు వారం అకస్మాత్తుగా ఆఖరు వారం కాకూడదు. ఏడో వారం నుంచే "ఇంకా మూడు ఉన్నాయి" అని లెక్క చెప్పాలి. చివరి మాట చెప్పుకునే వీలు లేకుండా మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు వీళ్ళు. ఇక్కడైనా వీడ్కోలు తెలిసి జరగాలి. మధ్యలో గుర్రం అమ్ముడుపోయినా, జబ్బుపడినా దాచకండి. "వేరే ఊరు పంపాం" అని అల్లితే అది బయటపడిన రోజున గుంపు మొత్తం చెదిరిపోతుంది.

ఉలవగుగ్గిళ్ళు

చీర ఫర్వాలేదు, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, కొంగు నడుముకి బిగించాలి. చున్నీ అయితే తీసి పక్కన పెట్టడమే మేలు, గాలికి ఎగిరే గుడ్డ గుర్రానికి పాము లాంటిది. గాజులు, ఉంగరాలు తీసేయాలి, తాడులో ఇరుక్కుంటాయి. తలలో పూలు వద్దు, అది వాసన చూసి లాగుతుంది. చెప్పులతో రానివ్వకండి. డెక్క కాలి మీద పడితే బొటనవేలు నలుగుతుంది, గట్టి ముందుభాగం ఉన్న బూట్లు కావాలి. స్థలంలో నాలుగైదు సైజులు కొని ఉంచుకుంటే రోజూ ఈ గొడవ ఉండదు.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ బేరం ఆడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు కదా. మీకు వారానికి గంటన్నరే అయినా దానికి ఏడు రోజులూ గడ్డి, ఉలవలు, రోజుకి పాతిక నుంచి నలభై అయిదు లీటర్ల నీళ్ళు, నెలన్నరకోసారి డెక్కలు కోసి లాడాలు మార్చడం ఉంటాయి. అందుకని మరీ చవగ్గా చెప్పిన చోట ఒకసారి పొద్దున్నే చెప్పకుండా వెళ్ళి నీళ్ళ తొట్టి చూడండి, పచ్చగా నాచు పట్టి ఉంటే అక్కడినుంచే వెనక్కి వచ్చేయొచ్చు.